జేబులో చెవి

రాత్రి ఏడున్నరకి అప్పగింతలు.
పెళ్లిలో అయితే ఆ మాటకి ఏడుస్తారు.
మా వార్డులో రోజుకి రెండుసార్లు,
ఏడవడానికి టైముండదు.
ఇరవై ఎనిమిది మంచాలు, ముగ్గురం.
నాలుగో మనిషి రావాల్సింది, రాలేదు.
రోవెనా బోర్డు మీద ఆ పేరు తుడిచేసి
మార్కరు మూత పళ్లతో బిగించింది.

ఐదుకి సెలైన్. తొమ్మిదికి షుగరు.
పదకొండులో ఆవిడ తన పిల్లిని అడుగుతుంది.
ఇంట్లో ఉందని చెప్పాలి,
ఎన్నిసార్లడిగినా మొదటిసారి చెప్పినట్టే చెప్పాలి.
ఎవరి కూతురో ఫోన్లో
"ఇంగ్లిషు వచ్చినవాళ్లకివ్వండి" అంటే
రోవెనాకిచ్చాను. ఆమెది సెబూ.
ఇద్దరం లినెన్ గదిలో దూరి నవ్వుకున్నాం, అర నిమిషం.
బెల్లు. ఇంకో బెల్లు.
"రెండే నిమిషాలు" అంటాను.
ఈ దేశంలో నేనాడే అబద్ధం ఇదొక్కటే,
పన్నెండు గంటల్లో నలభైసార్లు.

నీళ్ల సీసా మీద సలోమి అని రాసుకున్నాను.
తాగలేదు.
తాగితే వెళ్లాల్సొస్తుంది, వెళ్తే ఇక్కడెవరు?
అందరి మూత్రం మిల్లీలీటర్లలో కొలిచి రాస్తాను,
నాది తెల్లవారుజాము దాకా
ఎవరి లెక్కలోకీ రాదు.

పద్నాలుగో మంచం ఆల్ఫ్ డ్రూరీ గారు.
గ్రిమ్స్‌బీ రేవులో చేపల ఓడ మనిషి.
వేళ్లు ఎనిమిదే. మిగతా రెండూ ఐస్లాండ్ దగ్గరున్నాయంటాడు
చేబదులిచ్చి వచ్చినట్టు.
నా పేరు నోరు తిరక్క సాల్ అంటాడు.
అర్ధరాత్రి దాటాక రోజూ ఒకటే ప్రశ్న:
"సాల్, నీళ్లెటున్నాయి?"
ఫోన్లో చూసి చెబుతాను.
"పోటు. నాలుగూ పదికి నిండుతుంది."
అప్పుడు మూస్తాడు కళ్లు.
ఏ మాత్రా చెయ్యని పని అది,
చార్టులో దానికి గడి లేదు.

రాయనిది చేయనట్టే, అని నేర్పారు మాకు.
అందుకే మనిషి చెయ్యి వదిలి
పెన్ను పట్టుకుంటాను.

పొద్దున ఎనిమిదికి మళ్లీ అప్పగింతలు.
బస్సు అద్దానికి తలానించి ఇల్లు.
యూనిఫాం విప్పి జేబులు దులిపితే
పెన్ను, సూది మూత, సగం బిస్కెట్టు,
దూదిలో చుట్టిన
ఆయన చెవి మిషను.

ముఖం తుడిచేటప్పుడు తీశాను, తడవకూడదని.
అంతలో బెల్లు. రెండే నిమిషాలు.

వార్డుకి ఫోన్ చేశాను. మోగుతూనే ఉంది.
ఎత్తాల్సిన చేతులు దేంట్లో మునిగున్నాయో నాకు తెలుసు.
నైటీ మీద కోటు. మళ్లీ బస్సు.
సముద్రం మీంచి అడ్డంగా కొట్టే వాన.

నేను వెళ్లేసరికి డాక్టర్లు చూసి వెళ్లిపోయారు.
చల్లారి గడ్డకట్టిన ఓట్స్ ముందు కూర్చుని
ఎవరేమన్నా తలూపుతున్నాడాయన.
కేస్‌షీట్లో గుండ్రటి అక్షరాలు:
రోగితో చర్చించాం. ఇంటికి కాక
వృద్ధాశ్రమానికి వెళ్లడానికి ఒప్పుకున్నారు.

రాసి ఉంది.
కాబట్టి జరిగింది.

మిషను చెవిలో పెట్టాను. కీచుమని, సర్దుకుంది.
"డాక్టర్లేం చెప్పారు?"
"వాన గురించనుకుంటా. మంచి పిల్లలు."

కుర్ర డాక్టరమ్మని కారిడార్లో పట్టుకున్నాను.
కోటు కింద నైటీ అంచు కనిపిస్తోందని
నాకూ తెలుసు, ఆమెకీ తెలుసు.
"ఆయనకి వినపడలేదు. తప్పు నాది. మళ్లీ అడగండి."
ఆమె గడియారం చూసుకుంది.
నీళ్లు తాగని పెదాలు, నావిలాంటివే.
"రెండే నిమిషాలు" అంది.

అవెంతసేపో నాకంటే ఎవరికి తెలుసు.
కుర్చీ లాక్కుని కూర్చున్నాను.
డ్యూటీలో లేను, చుట్టాన్నీ కాను.
ఈ వార్డులో నేను కూర్చోవడం ఇదే మొదలు.
ఆయన గిన్నె పక్కకి తోశాడు.
"సాల్, నీళ్లెటున్నాయి?"
"పాటు" అన్నాను.
"ఇంకా తీస్తూనే ఉంది.
ఉండండి, చూద్దాం."