సిల్వరు పడవ

గాజువాక ఆటోనగర్‌లో
మూడో లైను చివర, గ్యాస్‌కటింగ్ షెడ్డు వెనక
మూడు పడవలు బోర్లించి ఉన్నాయి,
తోమి ఎండకి పెట్టిన గిన్నెల్లా.

సన్నిబాబు మొదటిదాని మీదే చెయ్యేశాడు.
కొత్త నీలం రంగు. పక్కన తెల్ల గీత.
"చెరువులో టూరిస్టుల్ని తిప్పింది, అంతే.
సముద్రం మొహం చూడలేదు."
మా పరదేశి అలవాటుగా చెప్పులు విప్పి
దాని చుట్టూ తిరిగాడు.
ఆయనకి తెలిసింది కర్ర.
చెక్క ఎక్కడ నానుతుందో, కొబ్బరితాడు కుట్టు ఎక్కడ వదులవుతుందో
చీకట్లో వేలితో చెప్పగలడు.
తర్వాత ఫైబరు. దాన్ని ఇరవయ్యేళ్లు తిట్టుకుంటూ నడిపాడు.
ఈ లోహం ముందు మాత్రం
రాత్రిపూట తెలియని ఊళ్లో బస్సు దిగినవాడిలా నిలబడ్డాడు.

నాకు తెలుసు.
ముప్పై ఒక్కేళ్లు నెత్తిన మోశాను దీన్ని,
మంగమారిపేట నుంచి కొమ్మాది దాకా.
చుట్టకుదురు మీద సిల్వరు బేసిన్,
అందులో ఐసు, ఐసులో కవళ్లు, కానాగంతలు,
చెవుల వెనక్కి కారే నీళ్లు.
ఉప్పు దాన్నెలా తింటుందో చూశాను:
ముందు మెరుపు పోతుంది,
తర్వాత తెల్లటి పొడి, ముగ్గులా,
ఆ పొడి కింద సూదిమొనంత చిల్లి.
రాయికి తగిలితే సొట్టపోతుంది గానీ పగలదు.
ఒకసారి వంగి, సరిచేశాక మళ్లీ వంగితే
అక్కడ మాత్రం నమ్మకూడదు.

వేలి కణుపుతో నీలం పడవని కొట్టాను.
టంగ్. టంగ్. టంగ్.
ముక్కు దగ్గర, ధప్.
"ఇక్కడ లప్పం పెట్టేరు."
సన్నిబాబు నా వైపు మొదటిసారి చూశాడు.

రెండోది బాగానే ఉంది,
వెనక మోటారు బిగించే చెక్క తప్ప.
గోరు గుచ్చితే దిగిపోయింది,
టీలో ముంచిన రస్కులోకి దిగినట్టు.

మూడోది అందవికారం.
రంగు లేదు. ఏదో శాఖ నంబరు చెరిపేశారు,
ఒక సున్నా ఇంకా కనిపిస్తోంది.
అడుగంతా సొట్టలే, రాళ్ల ఏట్లో తిరిగినట్టుంది.
ప్రతి సొట్టా గుండ్రమే, ఎక్కడా మడత లేదు.
తెడ్డు కొక్కేల దగ్గర లోహం అరిగి నున్నబడింది,
ఎడమవైపు కాస్త ఎక్కువ.
ఎవరో ఎడమచేతివాటం మనిషి
దీన్ని చాలాకాలం ప్రేమగా నడిపాడు.

"నీళ్లు పొయ్యండి," అన్నాను.
"పడవని నీళ్లలో దింపుతారు గానీ
పడవలో నీళ్లు పోత్తారేటమ్మా?"
"బయట నీరు లోపలికొచ్చే దారే
లోపల నీరు బయటికెళ్లే దారి. పొయ్యండి."

వెల్లకిలా తిప్పి ఇటుకల మీద పెట్టారు.
పైపు అందుకోబోయిన పరదేశి చెయ్యి
చెవి దాటి పైకి లేవలేదు.
ఇంజను తాడు లాగి లాగి పోయిన భుజం.
సముద్రం వద్దన్నాడు డాక్టరు.
భీమిలి దగ్గర గోస్తనీ నీళ్లు చాలన్నాను నేను.
ఆయనేమీ అనలేదు. ఆ రాత్రి వల అల్లుతూ
ఒకే కన్ను నాలుగుసార్లు విప్పాడు.

పడవ నిండుతుంటే
షెడ్డు రేకులు, కరెంటు తీగ, దాని మీది కాకి
అందులోకొచ్చి వణికాయి.
మేం ముగ్గురం గొంతుక్కూర్చుని అడుగు వైపు చూశాం.
రెండు రివెట్లు చెమర్చాయి.
మూడోది చాలాసేపు ఆలోచించి
ఒక్క చుక్క వదిలింది.
"మూడే!" అన్నాడు సన్నిబాబు, బహుమతులు లెక్కపెడుతున్నట్టు.
"మూడింటికీ మూడేలు తగ్గించు."
చేపలమ్మిన నోరు. ఎంతకి తెగిందో చెప్పను.

టాటా ఏస్‌కి కట్టి బీచిరోడ్డున వస్తుంటే
ఆయన వెనక పడవలోనే కూర్చున్నాడు.
రుషికొండ దిగుతుంటే కుడిపక్కంతా సముద్రం.
తిరిగి చూశాను. ఆయన అటు చూడట్లేదు.
తల వంచి, చెవి ఆనించి,
వేలి కణుపుతో ఒక్కో రేకునీ కొడుతున్నాడు.
ఉన్నట్టుండి అరిచాడు, గాలికి సగమే వినపడింది:
"తెడ్డు నువ్వేత్తావేటే?"
"ముందా మూడో రివెట్టు సంగతి సూడు,"
అన్నాను నేను కూడా అరిచి.