కాలువలు కట్టేసిన వారం

కాలువలు కట్టేసిన వారం వచ్చాడు
లస్కరు గంగాచలం.
రాజోల్లో ఎరువుల కొట్టు పైన మా ఆసుపత్రి.
మెట్లెక్కి, దవడ పట్టుకుని,
"నీళ్లున్నన్నాళ్లూ ఖాళీ ఏదండీ,
తూము వదిలి పన్ను కోసం వస్తే
శివారు రైతు మిగతావి రాలగొడతాడు" అన్నాడు.

కింది దవడ, ఎడమ పక్క, మొదటి పెద్ద పన్ను.
ఎక్స్‌రేలో మూడు కాలువలు.
నాలుగోది దొరకడానికి ముప్పావుగంట.
రబ్బరు తెర వెనక నోరు తెరుచుకుని
అతను "ఊ" అంటే
నొప్పో, సలహానో
తెలియలేదు నాకు.

పూడిక తీశాను. కడిగాను. మళ్లీ కడిగాను.
కాలేజీలో మా మేడం అనేవారు:
కాగితం పుల్ల పొడిగా బయటికొచ్చేదాకా
ఆరబెడుతూనే ఉండు.
ఇరవై ఏళ్లు ఆరబెట్టాను.
ఆ పాత మందు గట్టిపడుతూ గట్టిపడుతూ
కాస్త కుంచించుకునేది.
వెంట్రుకవాసి సందు చాలు,
ఎప్పుడో ఒక అర్ధరాత్రి ఫోను మోగేది.

ఇప్పుడీ సిరంజిలో తెల్లటి ముద్ద,
బయోసెరామిక్.
దీనికి దాహం.
పంటి గోడల్లో దాగిన చెమ్మ తాగి
రాయవుతుంది.
కొసన తడి ఉండగానే చెయ్యి ఆపాలి.
ఆ ఆపడమే
నా వేళ్లకింకా అలవాటు కాలేదు.

తెర తీశాక ఇదంతా చెప్పాను,
కొంచెం గొప్పగానే.
నవ్వబోయాడు. తిమ్మిరెక్కిన పెదవి
ఒకవైపే కదిలింది.
"ఆయ్, సిమెంటు ఆరి గట్టిపడదండి,
తాగి గట్టిపడుద్ది.
లైనింగు మీద గోనెసంచులు పరిచి
నాలుగు రోజులుగా తడుపుతున్నది మరేటనుకున్నారు?
ఒక్క పూట మానేస్తే పగుళ్లిచ్చేస్తది.
ఇప్పుడు మా అల్లుణ్ని పెట్టొచ్చాను.
అందుకే తొందర."

చివరి ఎక్స్‌రేలో నాలుగు తెల్లని గీతలు.
ఒకదాని చివర ఆవగింజంత మందు
వేరు దాటి అవతలికి పొంగింది.
చూపించాలా వద్దా అనుకుని
చూపించాను.
చాలాసేపు చూశాడు,
లాకు దగ్గర నీటిమట్టం చూసే చూపుతో.
"శివారుదాకా పారిందంటే
ఓ చుక్క పైన పడుద్ది లెండి" అని
సగం డబ్బు బల్ల మీద పెట్టాడు.
మిగతాది నీళ్లొదిలాక.

అతను దిగిపోయాక
ట్రేలో ఆఖరి కాగితం పుల్ల
ముట్టుకుని చూశాను.
కొస తడిగానే ఉంది.
పాత భయం ఒకటి లేచింది.
కుర్చీ తుడిచి,
తరవాతి పేరు పిలిచాను.