తేమ శాతం

ఎనుమాముల యార్డుల పత్తి కుప్పల నడుమ
తిరుగుతుంటడు మల్లారపు ఓదెలు
చేతిల తేమ మిషను పట్టుకొని.
దూదిల సూది గుచ్చి, అంకె చూసి
పద్నాలుగు అంటడు. అంతే.
పరకాల నుంచి రాత్రంతా ట్రాక్టరు మీద
ముడుచుకొని వచ్చిన రైతు మొఖం
నిలవడ్డకాడనే వాడిపోతది.

కంటికి కానరాని నీళ్లను పట్టుడే ఆయన కొలువు.

ములుగు రోడ్డు మీద నా షెడ్డుకు
ఎడమపక్క అద్దం పగిలిందని వచ్చిండు.
అద్దం ఒక్కటే మార్చు యాకమ్మా, జల్ది పోవాలె.
ఎట్ల పగిలిందే అన్నా?

ఆదిలాబాదుల పెండ్లి చూసుకొని వస్తుంటె
మహబూబ్ ఘాట్ల, ముందర పత్తి లారి,
దిగినంత సేపు బ్రేకు మీదనే కాలు.
మూడో మలుపో నాలుగో మలుపో,
గటకల కాలు పెట్టినట్టు
పెడలు మెత్తగ కిందికి పోయింది.
వెనక సీట్ల పిల్లలు బూంది తింటున్నరు.
హ్యాండు బ్రేకు గుంజి, గేరు దించి
గుట్టకు రాసుకుంట ఆపిండు.

అరగంట కూసున్నంక తొక్కి చూస్తే
రాయి లెక్క గట్టిగున్నదట పెడలు.
ఇగ ఏం కాలేదని
నా కాలే జారిందని
ఇంటిదాక నడుపుకొచ్చిండు.

చల్లారంగనే సాక్ష్యం మాయమయ్యే తప్పు ఇది.
మరిగినప్పుడు నీళ్లు ఆవిరైతయి
ఆవిరి బుడగను ఎంత తొక్కినా నలుగుడే తప్ప
చక్రం దాక నీ మాట తీస్కపోదు.
చల్లబడితే బుడగ మళ్ల నీళ్లైతది,
ఏమెరుగనట్టు నూనెల కలిసి పండుకుంటది.

బ్రేకాయిలు ఎన్నడు మార్పిస్తివన్నా?
మార్చుడేంది? కారలేదు, తగ్గలేదు,
డబ్బ నిండుగనే ఉన్నది గద!

నిండుగున్నదాన్ని ఎవ్వరనుమానిస్తరు.

మూత తీసిన.
కొత్తదైతే పుట్టతేనె రంగు,
ఇది పొయ్యి మీద మరిచిన డికాషను.
ఆరేండ్లు. ఆరు వానకాలాలు
మూత సందుల నుంచి, రబ్బరు పైపుల తోలు నుంచి
గాలిల తడిని గుటక గుటక తాగింది.
ఉప్పు డబ్బ అయితే చెమర్చి చెప్తది.
ఇది చెప్పది. తాగుకుంట ఊకుంటది,
లోపల ఇనుమును మెల్లగ తుప్పు తినిపిస్తది.

నా దగ్గర కూడ ఒక మిషనున్నది ఓదెలన్నా.
పెన్నంత ఉంటది.
ముంచంగనే ఎర్రలైటు పడ్డది.
నాలుగు దాటింది అన్న.

నాలుగా! పత్తికి నాలుగొస్తే
కండ్లకద్దుకొని కొంటరు యాకమ్మా!
పత్తి ఘాట్ దిగదు గదనే, అన్న.

నవ్వబోయిండు. నవ్వు రాలే.
బూంది పొట్లం యాదికొచ్చిందేమో,
పరకాల రైతు మొఖం
ఒక్క గడియ ఆయనకొచ్చింది.

పనిపిల్లగాడు లేడు ఆ దినం.
నువ్వే కూసో, నీ బండి నువ్వే తొక్కు.
దూరమున్న చక్రం నుంచి మొదలువెట్టిన,
ఎడమ వెనకది, నేను కింద, ఆయన మీద.
తొక్కు.
పట్టు.
నట్టు తిప్పంగనే పైపుల నల్లగ ఉరికింది
బుడగలతోని.
నట్టు బిగించిన. ఇగ వదులు.
తొక్కు. పట్టు. ఆగు, వదలకు!
కింద డబ్బ ఎండకుండ మధ్యమధ్యల లేచి పోసుకుంట,
రేకు మీద పడ్డ చుక్కను నీళ్లతోని కడుక్కుంట
(తుడవకుంటే రంగు లేచి వస్తది)
నాలుగు చక్రాలు తిరిగేసరికి
పైపుల తేనె పారింది.

సీసాల సగం మిగిలింది, ఇంటికి తీస్కపోత అన్నడు.
వద్దన్నా, మూత తీసిన గడియ నుంచి
అది కూడ తాగుడు షురూ చేసింది.

బానెటు లోపల తారీకు రాసిన మార్కరుతోని,
దాని కింద రెండేండ్ల తర్వాతి తారీకు.
నేను అంత తిప్ప యాకమ్మా, బండి నిలవడే ఉంటది...
నిలవడ్డ బండి మీద వాన పడదా అన్న?

అద్దం బిగించుడు మరిచిపోయినం ఇద్దరం.
మలుపుకాడ వెనకకు చూడనీకె
తల బయటికి పెట్టి పోతుండు ఓదెలు,
ఊకూకె బ్రేకు తొక్కి చూసుకుంట.