పది నిమిషాలు

పడుడంటే నాకు భయం లేదు.
పడుడు ఒక పని, షురూ అయితది, ఒడుస్తది.
నా భయమంతా ఆగుడే.
పోవాల్సినదాంట్ల కూసోని
పోకుంట ఉండుడు.

పందొమ్మిదేండ్ల సంది లిఫ్టుల మెకానిక్‌ని.
అమీర్‌పేటల హాస్టళ్లు, మలక్‌పేటల నర్సింగ్‌హోములు,
కొత్తపేటల ఐదంతస్తుల మీద చాటుంగ లేపిన ఆరోది,
ఎక్కడ డబ్బా ఆగినా నాకే ఫోను.
మోటరు గదిల బ్రేకు ఇడిపించి
చక్రాన్ని జానెడు జానెడు తిప్పుకుంట
లోపలోళ్లకు కేకేస్త:
"గాబరా కాకుర్రి, పది నిమిషాలు!"
పది నిమిషాలంటే ఎంతసేపో
నేనెన్నడు లెక్క చూస్కోలే.
బయట నిలవడ్డోని గడియారం వేరే.

చెల్లె బిడ్డ స్ఫూర్తి, తొమ్మిదేండ్లది,
ఔటర్ అవుతల కొత్తగ తెరిసిన పార్కుల
రోలర్ కోస్టర్ కాడ చెయ్యి గుంజింది.
"మామా, నువ్వు మెషిన్లోడివి గద, నీకేంది?"
మెషిన్లోన్ని గనుకనే, బిడ్డా.
తెల్వనోడు మొక్కి ఎక్కుతడు,
తెలిసినోడు నట్లు చూసుకుంట ఎక్కుతడు.

టక్, టక్, టక్.
మా లైన్ల దాన్ని కుత్తా అంటం.
పంటి పంటికి కరుసుకుంట పైకి వస్తది,
బండిని ఎనకకు జారనియ్యది.
దాని మీద నాకు నమ్మకమే.
నమ్మకం నెత్తిల ఉన్నది,
చెమట అరచేతుల ఉన్నది,
రెండింటి నడుమ వైరు తెగింది.

ఇంకో రెండు పండ్లు దాటితే కొన.
టక్.
అంతే.

కింద పాట బంద్. ఐస్‌గోళా మిషను బంద్.
గాలి ఒక్కసారే పెద్దగైంది.
ముఖాలు ఆకాశానికి, ఈపులు భూమికి,
ఒడి మీద ఇనుప కడ్డీ.
ముందటి సీట్ల బాలమణమ్మ, అరవై దాటిన మనిషి,
మనుమల పోరు పడలేక ఎక్కింది,
ఆమె చెప్పు ఒకటి జారిపోయింది.
అది నేలకు తాకే సప్పుడు కోసం అందరం చెవులు వెట్టినం.
రాలే.

అప్పుడు బ్యాటరీ మైకుల ఆపరేటర్ ముజీబ్:
"ఫికర్ నక్కో కరో, దస్ మినట్!"

నా మాటే.
ఇన్నేండ్లు నేను అమ్మిన సరుకు
నాకే తూకమేసి ఇచ్చిండు.

కిందికి చూడకుంట దూరం చూసిన.
సగం కట్టిన టవర్లు, మెడలు చాపిన క్రేన్లు,
వాటి నడుమ ఇంకా ఎవలూ పేల్చని గుట్ట.
బండ మీద బండ, పైది సగం గాలిల,
ఇగ దొర్లుతది అన్నట్టు ఒరిగి,
కుతుబ్‌షాహీల కంటె ముందు,
ఈ ఊరికి పేరే లేనప్పటి సంది
పడుడు మొదలువెట్టి మరిచిపోయినట్టు.

"మామా, ఆ బండ గూడ ఇరికిందా?"
"ఇరికింది."
"దానికెవలు చెప్పిన్రు పది నిమిషాలని?"
నవ్వొచ్చింది. కడ్డీ కిర్రుమన్నది.
నవ్వు ఆపిన.

ఎంతసేపైందో. పక్క మెట్ల మీదికెల్లి
ఒక్కొక్కల్ని దించిన్రు.
బాలమణమ్మ ఒంటి చెప్పుతోటి
నూట పన్నెండు మెట్లు గట్టిగ లెక్కవెట్టింది.
నా మోకాళ్లు నావి కావు.
"మల్ల ఎక్కుదమా?" అన్నది స్ఫూర్తి.

మంగళారం మలక్‌పేట నుంచి ఫోను.
మూడుకు నాలుగుకు నడుమ ఆగిన డబ్బా,
లోపల ఎవలో ఆడామె తలుపు దబదబ కొడుతున్నది.
పైన చక్రం కాడికి పిలగాన్ని తోలి
నేను తలుపు కాడ కూసున్న.
నోటిదాంక వచ్చింది పాత మాట.
మింగిన.
సందుకు మూతి ఆనిచ్చి
"అమ్మా, పేరేంది?" అన్న.

సప్పుడు ఆగింది.
"విశాలాక్షి."
"సంచిల ఏం తెచ్చినవమ్మా?"
"కాకరకాయలు. అన్నీ కింద వడ్డయి.
చీకటి."
"ఏరు తల్లీ. నాకు ఇనవడేటట్టు
లెక్కవెట్టుకుంట ఏరు."

ఒకటి, అన్నది.
చానాసేపటికి, రెండు.
పదకొండో కాయ కాడ
తలుపు సందుల వెలుగు వచ్చింది.
ఆమె ఇంకా వంగి
పన్నెండోది దేవులాడుతున్నది.