నలభై ఏడు శాతం

మూడోసారీ నలభై ఏడు దగ్గరే.
తెర మీద చుక్కలు
నూలు తెగిన రాట్నంలా
కాసేపు ఊరికే తిరిగి ఆగిపోయాయి.
'కావలసిన ఫైలు పాడైంది' అంది కంప్యూటరు,
ఎవరు పాడుచేశారో చెప్పకుండా.

కొత్తది. మొన్న విశాఖ నుంచి
పాసింజరు బండిలో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను.
ఒక్కో మరా నేనే బిగించాను.
పొందూరు నేతసంఘం ఆఫీసులో
బీరువాకీ కిటికీకీ మధ్య, ఊగే బల్ల మీద,
పక్క రేకు ఊడదీసుకుని
కడుపు తెరుచుకు కూర్చుందిప్పుడు.

గుమాస్తా తవిటయ్య వంగి చూసి
"ఏటయ్యా, మూర్తం కుదర్లేదేటి?" అన్నాడు.
ఆయన పెట్టిన కుంకం బొట్టు
దాని నెత్తి మీద ఇంకా తడిగానే ఉంది.

పెన్‌డ్రైవు మార్చాను.
ఫోను నెట్టు మీద మొత్తం మళ్లీ దించాను:
ఐదు జీబీ, రెండు టీలు, ఒక కరెంటు కోత.
బయోసులోకి పోయి తేదీ సరిచేశాను,
అది ఇంకా ఏదో పాత జనవరిలో ఉండిపోయింది.
తీగలు పీకాను, గుచ్చాను, ఊదాను.
ఈసారి యాభై రెండు!
లేచొచ్చిన ప్రాణం అంతలోనే కూలబడింది.
ఈసారి తప్పుకి పేరు కూడా వేరు.
అడిగినప్పుడల్లా పేరు మార్చే దొంగని
ఏ పేరుతో పిలిచి పట్టుకోను?

చిలపలు అప్పజెప్పడానికొచ్చిన సూరీడమ్మ
గుమ్మంలో కూర్చుని అంతా చూస్తోంది.
వాలుగ చేప దవడతో
పత్తి దువ్వీ దువ్వీ
వేళ్ల చివర గీతలరిగిపోయిన మనిషి.
ఆధార్ మిషను ఆమెను గుర్తుపట్టదు.

"తెగినకాడ సూత్తావేటి నాయినా?
తెగినకాడ ఏటుంటాది?
ఏకులో సూడు.
నలక ఏకులో ఉంటే
నూలు ఎక్కడైనా తెగుతాది."

నవ్వి ఊరుకున్నాను.
బస్సు తప్పిపోయాక గానీ ఆ మాట లోపలికి దిగలేదు.
పెన్‌డ్రైవు పోసేది. డిస్కు పట్టేది.
పోసేదానికీ పట్టేదానికీ నడుమ
ప్రతి అక్షరమూ ఒక్క క్షణం నిలబడే చోటు?

ర్యామ్ పలకలు రెండూ తీశాను.
తవిటయ్య మనవరాలి రబ్బరుతో
బంగారు పళ్లు తోమాను.
పెట్టి, రాత్రంతా పరీక్ష పెట్టాను.

ఆ పరీక్ష చిన్నపిల్లల ఆటలాంటిది.
ఒక్కో గదిలో ఒక సున్నా దాస్తుంది,
ఊరంతా తిరిగొచ్చి అడుగుతుంది:
నీ దగ్గర ఏం దాచాను?
కోట్ల గదులు 'సున్నా' అన్నాయి.
దోమలు, ఫ్యాను చప్పుడు,
దూరంగా గూడ్సు బండి.
మూడింటికి ఒక గది 'ఒకటి' అంది.
తడబడలేదు. నీళ్లు నమల్లేదు.
ఎర్రటి గీత ఒకటి పడింది,
దాని కింద ఇంకోటి.

మరిచిపోయాననుంటే సర్దుకుపోయేవాణ్ణి.
అది మరవలేదు.
లేనిది గుర్తుంచుకుంది,
ఉన్నదానంత ధీమాగా చెప్పింది.

రెండో పలక పీకేశాను.
ఒంటి పలక మీద బండి కదిలింది.
నలభై ఆరు.
తవిటయ్య గొంతులో వక్క అలాగే ఉండిపోయింది.
నలభై ఏడు.
నలభై ఎనిమిది.

తెల్లారి సూరీడమ్మకి చూపించాను,
నీ చిలపల లెక్క ఇకనుంచి ఇందులోనే అని.
ఆమె తెర వైపు చూడలేదు.
బల్ల మీద నేను పక్కన పెట్టిన
పాడు పలకని అటూ ఇటూ తిప్పి చూసింది.

"పోయిన మాగంలో తొమ్మిది చిలపలిచ్చినాను.
బుక్కులో ఏడని రాసీసినారు.
ఏడే ఇచ్చినావన్నారు, నా ముకం మీదే.
ఇదీ అలగే సెప్తాదేటి, బావూ?"

తవిటయ్య కిటికీ బయట ఏదో వెతుక్కున్నాడు.

లేదని నోటిదాకా వచ్చింది. అనలేదు.
ఇంటికి ఫోన్ చేసి
ఈ రాత్రీ రానని చెప్పాను.
మిగిలిన ఆ ఒక్క పలకకీ
మొదటి గది నుంచి
మళ్లీ పరీక్ష పెట్టాను.