ముప్పై ఏడో గ్లాసు

పొద్దున పళ్ళు తోముకోవద్దన్నారు.
పేస్టులోని పుదీనా
తొలి పది గ్లాసుల మీదా అబద్ధాలు చెబుతుందట.
ఒట్టి నీళ్ళు పుక్కిలించి వచ్చాను
రూథర్‌గ్లెన్ షోగ్రౌండ్ రేకుల షెడ్డుకి.
వారం కిందట ఇక్కడే గొర్రెలకి బహుమతులిచ్చారు,
ఉన్ని వాసన ఇంకా మూలల్లో నక్కి ఉంది.

తెల్లకోటు ఇచ్చారు. జేబు మీద ఎవరిదో పాత మరక.
నలభై రెండు గ్లాసులు, నలభై రెండు అంకెలు.
పేరు లేదు, ఊరు లేదు, తోట ఎవరిదో తెలీదు.
పెళ్ళిచూపుల్లో కూడా ఇంత న్యాయం ఉండదు.

ఇక్కడ పనంతా ఉమ్మడమే.
వాసన చూడు, పుక్కిట పట్టు, నాలుక అంచుల దాకా తిప్పు,
గాలి పీల్చు, ఉమ్ము, రాయి.
గ్లాసు ఎత్తి గొంతులో పోసుకునే ఇంట్లో పెరిగినదాన్ని,
పెదవి ఆనితే ఎంగిలనే ఇంట్లో.
ఇప్పుడు ముగ్గురి ఎంగిలీ కలిసిన బకెట్టు
నా మోకాలిని రాసుకుంటూ ఉంది,
అడుగున రంపపుపొట్టు ఎర్రగా నానుతోంది.

పదకొండింటికల్లా అందరి పళ్ళూ
నేరేడుచెట్టు కింద దొరికిపోయిన బడిపిల్లల పళ్ళు.
స్టావ్‌రోస్ అంటాడు: టానిన్ బాగుంది.
నేను అంచున రాసుకుంటాను: వగరు.
లేత జామకాయ వగరు ఒకటి,
అరటిదూట వగరు ఒకటి,
వక్క వగరు ఇంకొకటి.
పాపం అతనికి ఉన్నది ఒకటే మాట,
దాన్నే మూడు గ్లాసులకీ సర్దుతున్నాడు.

ముప్పై ఏడు.
రంగు మంచిది. ముక్కుకి ఏమీ చెప్పలేదు.
ఉమ్మేశాక, గొంతు వెనక,
మండే పొయ్యి మీద ఎవరో నీళ్ళు కుమ్మరించినట్టు
బూడిద. తడి బూడిద.
ముగ్గురం ఒకేసారి తలెత్తాం.
"స్మోక్," అంది గ్రెటా. "నెక్స్ట్."

ఆమె తప్పేం లేదు. రూలు అదే.
పండు ముగ్గే రోజుల్లో కొండ తగలబడితే
పొగ తొక్కలోకి ఇంకుతుంది, కడిగితే పోదు,
పీపాలో మాట్లాడకుండా కూర్చుంటుంది,
నోటి తడి తగిలితేగాని నిజం ఒప్పుకోదు.
ల్యాబులో ఏళ్ళ తరబడి కొలిచినదాన్నే,
లీటరుకి ఇన్ని మైక్రోగ్రాములని.
అంకెలకి ఎప్పుడూ గొంతు మండలేదు.

వందకి డెబ్భై నాలుగు వేశాను. కంచు కూడా రాదు.
కారణం రాసే గడిలో చెయ్యి దానంతటదే రాసింది,
పొగచూరింది, అని.
వంటింటి దూలాలకి వాడే మాట.
అందులో నేరం లేదు,
ఆ ఇంట్లో రోజూ పొయ్యి వెలిగిందని, అంతే.
కొట్టేసి స్మోక్ టెయింట్ అని రాశాను.

ట్రేలు మోసే డెల్‌కి అరవై ఎనిమిది.
బడి బస్సు నడిపి రిటైరైందట.
ట్రేలు మోసేవాళ్ళు మాట్లాడకూడదు. మాట్లాడలేదు.
గ్లాసులు తీస్తూ తీస్తూ ముప్పై ఏడు దగ్గర ఆగింది,
గోడ వైపు తిరిగింది.
నేను కాగితాలు చూసుకుంటున్నాననుకుంది.
వాసన చూసింది.
తాగింది. ఉన్నదంతా.
ఆ పొద్దంతా ఆ షెడ్డులో
ఎవరైనా మింగింది ఆ గ్లాసొక్కటే.
ఖాళీ గ్లాసుని మిగతావాటిలో కలిపేసి
ఏప్రన్ కొసతో పెదవులు తుడుచుకుంది.

ఏ కొండ, ఎవరి తోట, ఏం మిగిలింది,
అడగాలని లేచాను కూడా.
అడగకూడదు.
నా కాగితం అప్పటికే పట్టుకెళ్ళిపోయారు.

రొట్టె ముక్క నమిలాను, రెండు ఆలివ్ కాయలు,
నాలుక మళ్ళీ ఏమీ తెలియనిదైపోవాలి కదా.
కాలేదు.

తర్వాత మస్కట్లు.
తియ్యనివి. ఇరవై ఆరు.