పడేవాళ్ళ పరుపు

గద్దలగుంటలో మా కొట్టు ముందు ఆటో ఆగింది.
మేనేజరు దిగి
పద్దెనిమిది బై పద్దెనిమిది అన్నాడు, అడుగుల్లో.
అంత మంచం ఎవరిదయ్యా?
మంచం కాదమ్మా, రింగు.
ఒంగోల్లో మూడు రోజులు కుస్తీ ఆట.
చెక్కల మీద అంగుళం మందం చాలు,
మిల్లు వేస్టు నింపినా పర్లేదు,
దాని మీద ఎవరూ పడుకోరు.

మరేం చేస్తారు?
పడతారు.

మా నాయన నేర్పిన లెక్కల్లో అది లేదు.
పెళ్ళి పరుపుకి పన్నెండు కిలోలు,
బాలింతకి ఆరు, బూరుగు దూదైతే అయిదు,
నడుం నొప్పోళ్ళకి గట్టిగా దట్టించి జానెడుకో కుట్టు.
పడేవాళ్ళకి ఎంతో
దూదేకులోళ్ళలో ఎవురికీ తెలవదు.

ఆటోలో ఇంకో మనిషి కూచోనున్నాడు.
వాల్‌పోస్టరు మీద ఉక్కుపులి,
ఆధార్ కార్డులో యర్రగొర్ల చెంచయ్య, పొదిలి పక్క.
పిలిస్తే మెడ తిప్పలా,
కాడి కింద ఎద్దు మాదిరి
ఒళ్ళంతా తిప్పి చూశాడు.
కనుబొమ్మ మీద చీలికని ఫెవిక్విక్‌తో అంటించుకున్నాడు.
టీ గ్లాసు ఎడంచేత్తో అందుకున్నాడు:
కుడిచేతి రెండు వేళ్ళకి వేడి తెలవక ఏడాదంట.

అదంతా నాటకమంట గదా అబ్బయా, కొట్టుకునేది?
నవ్వాడు.
కొట్టేది నాటకమే అక్కా.
పడేది నిజం.

లారీకి ఇన్సూరెన్సుంది, లైట్లకుంది,
ఆ చెక్కలక్కూడా ఉందంట.
అంబులెన్సు?
ఉంటది, ఫోటోలు తీసిందాకా.

అంగుళం నేను కుట్టనన్నాను. నాలుగు.
మేనేజరు డబ్బు మాట ఎత్తుతాడనుకున్నా,
చప్పుడు మాట ఎత్తాడు.
మెత్తగుంటే ధబ్బుమని మోగదమ్మా.
మోగకపోతే జనం ఈలెయ్యరు.
రెండొందలు పెట్టి టిక్కెట్టు కొన్నోడికి
ఎముక వినపడాల.

రేత్రంతా పొర్లాడాను.
నాయన దూదేకుతుంటే వీధి చివరికి వినపడేది,
అది దూది అరుపు కాదు,
నారి అరుపు.
పొద్దున్నే సంతపేట పాతసామాన్ల కొట్లో
నాలుగు ఖాళీ డ్రమ్ములు బేరమాడి
చెక్కల కింద బిర్రుగా కట్టించాను.
ఇదిగో, డ్రమ్ము మోగుద్ది.
మనిషి మోగక్కర్లా.
మేనేజరు చెప్పుకాలితో తన్ని చూశాడు.
మందం రెండంగుళాల కాడ తెగింది.
పైన ఇంకో అర, చెప్పకుండా,
నా దూది.

మూడో రోజు ఆటకి పోయాను.
మూల స్తంభమెక్కి ఒకడు చెంచయ్యని ఎత్తేశాడు.
జనం లేచారు.
నా పక్క పిల్లోడు కళ్ళు మూసుకున్నాడు.
డ్రమ్ము ఉరిమింది.
నేను దాని తరవాతి చప్పుడు కోసం చెవి పెట్టాను,
సన్నగా, దబ్బనం విరిగినట్టుండేదాని కోసం.
రాలా.
ఆ పూటకి రాలా.

మిగతా బాకీ కింద పరుపు నాకే వదిలేసి
తెల్లారేసరికి కావలి పోయారు.
అక్కడెవరు కుడతారో, ఎన్నంగుళాలో.

కుట్టు విప్పాను.
ఒక మూల దూది రాయైపోయి ఉంది.
భుజం వంపు, మెడ వంపు, తలకాయ గుంట
అచ్చు పోసినట్టు.
బద్దతో కొట్టినా విడలా.
మళ్ళీ ఏకబుద్ధి కాలేదు, పారెయ్యబుద్ధీ కాలేదు,
తక్కెట్లో వేశాను.

ముప్పావు కిలో.
నాయన లెక్కల పుస్తకంలో
బాలింత కింది గీతలో
రాసి పెట్టాను.